వెనక నడిచేవాడి పసుపు కోటు

"నువ్వు నడువు. నేను ఎనకొస్త."

"ఎన్నడన్న ముందు నడిచినవా, ఎనకొస్త అని చెప్పుడెందుకు? బిరాన రా, ఈల ఊదుతరు."

నేనూ మా ఆయనా చివరగా అనుకున్న మాటలు ఇవే. మొగుడూ పెళ్ళాల ఆఖరి మాటలంటే పదిమందిలో చెప్పుకునేలా ఉండాలి. మాకు దక్కింది ఒక ఎత్తిపొడుపు. ఆయన గడపలో కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. నేను గల్లీ మలుపు దాకా పోయి వెనక్కి తిరిగి చూశాను. గోడకు ఒరిగి ఉన్నాడు. తాడు ఇంకా చేతిలోనే ఉంది. ముడి పడలేదు.

ఆదివారం పూట అందరం కలిసి ఉరికే మా తాండూరు సంఘం వాళ్ళు ఏడాదికోసారి చిన్న పుస్తకం వేస్తారు. అందులోకి ఆయన గురించి ఏదైనా చెప్పమని బడిలో ఆటలు నేర్పే పీటీ సారు ఇంటికొచ్చి అడిగాడు. "ఏడిపించేది వద్దక్కా, జర నవ్వించేది చెప్పు" అని మరీ మరీ చెప్పి పోయాడు. నా చదువు నా పేరు గీయడం వరకే. అందుకని నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నేను నోటికొచ్చినట్టు చెప్పేది తను బడి తెలుగు చేసి రాస్తోంది. (చేస్కో బిడ్డా. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మార్చకు.)

మేం పెళ్ళి చేసుకుని తాండూరుకు వచ్చిన కొత్తలో ఊరికే ఉరికే మనిషిని నేను చూడలేదు. ఎవరైనా ఉరుకుతున్నారంటే వెనక పిచ్చికుక్కో, పోలీసో ఉండాలి, లేదంటే ముందర కదిలిపోయే రైలు ఉండాలి. బూట్లు కొనుక్కుని మరీ ఉరికే కాలం వస్తుందని ఎవరైనా చెబితే, వాళ్ళకు దిష్టి తీసేదాన్ని. మా ఆయనది పెద్దేముల్ దిక్కు గొర్లు కాసుకునే కుటుంబం. ఒక వానాకాలం రోగం తగిలి మంద సగం పోయింది, మిగిలిన సగాన్ని బాకీ మీది మిత్తి కింద అప్పిచ్చినాయన తోలుకుపోయాడు. గొర్లు పోయాక కర్ర పట్టుకుని ఎవరి వెనక నడవాలో తెలియక, తాండూరు నాపరాళ్ళ గనిలో పనికి చేరాడు. నేనూ చేరాను. గనిలో మట్టిపొర లేపడానికి మందు పెట్టి పేల్చేవాళ్ళు. పేల్చే ముందు మేస్త్రీ ఈల ఊదుతాడు. ఈల వినబడితే చేతిలో ఏముందో చూసుకోకూడదు, ఎందుకని అడగకూడదు, నలుగురు ఎటు ఉరికితే అటు ఉరకాలి. ఒకామె ఎందుకని అడగడానికి ఆగింది. ఆమెకు జవాబు వచ్చింది గాని, వినడానికి ఆమె మిగల్లేదు. ఆ తరవాత మేమెవ్వరం ఎన్నడూ ఏమీ అడగలేదు.

కొన్నేళ్ళకు ఆయన గని వదిలి బండలు కోసే మిషను మీదికి మారాడు. నీడపట్టు పని అని మురిశాం. రోజూ సాయంత్రం బండల దుమ్ముతో తెల్లగా వచ్చేవాడు, పిండి గిర్నీలో నుంచి లేచి వచ్చినట్టు. ఒళ్ళు కడిగితే ఒంటి మీది దుమ్మే పోయేది. లోపలికి పోయినది అక్కడే కూర్చుంది. దగ్గు మొదలైంది. మందులకు తగ్గకపోతే ఆయన సొంతూరి మైసమ్మకు కోడిని మొక్కుకున్నాను.

ఆ కోడిని చంకలో పెట్టుకుని, మొక్కు తీర్చుకోవడానికి పోతున్న ఆదివారం జరిగింది ఇదంతా. పెద్దేముల్ ఆటోలు ఆగే చోటికి బడి మైదానం పక్కనుంచి పోవాలి. పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు. మైదానం దగ్గర కొందరు గుంపుగా నిలబడి ఉన్నారు. మేం వాళ్ళ పక్కకు చేరేసరికి ఎవరో ఈల ఊదారు. గుంపంతా ఒక్కసారిగా మా మీదికి ఉరికి వచ్చింది.

ఇంకేం చూస్తాం? ఆయన చెయ్యి పట్టుకుని నేనూ ఉరికాను. నాలుగు అంగలు వేశామో లేదో ఆయనకు దగ్గు తెర వచ్చి నడుము వంగిపోయింది. నా చెయ్యి విడిపించుకుని వీపు మీద ఒక్క తోపు తోశాడు.

"నువ్వు ఉరుకు! నేను ఎనకొస్త!"

ఉరికాను. ఏడుస్తూ ఉరికాను. చంకలో కోడి అరుస్తోంది, నేను దానికంటే గట్టిగా అరుస్తున్నాను. పక్కన ఉరికే వాళ్ళు నన్ను చూసి "శభాష్ అక్కా, శభాష్!" అంటున్నారు. మనుషులు చచ్చే వేళ ఈ శభాష్ ఏమిటో అర్థం కాలేదు. బస్టాండు దాటి రైలు గేటు దాకా పోయాక, అందరూ గిర్రున తిరిగి వచ్చిన దారినే ఉరకడం మొదలుపెట్టారు. పేలుడు అటే కదా, మళ్ళీ అటే ఎందుకని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కాని అడగకూడదు కదా. నేనూ తిరిగాను. (నవ్వకు బిడ్డా, చెయ్యి వణుకుతది, రాత పోతది.)

మైదానంలోకి వచ్చి పడేసరికి జనం చప్పట్లు కొట్టారు. మెడలో ఈల వేసుకున్న ఒకాయన నా చేతిలో అరటిపండు పెట్టాడు. ఆయనే పీటీ సారు.

"అక్కా, ఆడోళ్ళల్ల నువ్వే ముందొచ్చినవ్! ఏ ఊరు మీది? ఎక్కడ ప్రాక్టీసు చేస్తవ్?"

"పేలిందా సారూ?" అన్నాను.

"ఏంది పేలేది?"

"ఈల ఊదిన్రు కద! మా ఆయన ఎనకనే ఉండిపోయిండు సారూ, ఆయనకు దమ్ము లేదు, ఉరకలేడు. బండల కింద పడ్డడో ఏమో, ఎవరన్న పోయి చూడుండ్రి సారూ!"

పీటీ సారు నన్ను చూశాడు, కోడిని చూశాడు, మెడలో ఈలను చూసుకున్నాడు. అప్పటికి గుంపంతా చుట్టూ మూగింది. ఆరోగ్యం కోసం ప్రతి ఆదివారం ఇట్లా ఉరుకుతారని, వెనక ఏదీ తరమడం లేదని ఆయన చెబుతుంటే, నాకు సిగ్గు రాలేదు, కోపం వచ్చింది. ఆరోగ్యం కోసం ఈ సంఘం వాళ్ళు మా ప్రాణాలు తీసినంత పని చేశారు.

అప్పుడు కనబడ్డాడు మా ఆయన, దూరంగా రోడ్డు మీద. మెల్లగా నడిచి వస్తున్నాడు. ఆయన ముందర బురఖా వేసుకుని, కాళ్ళకు పెద్ద పెద్ద తెల్ల బూట్లు తొడుక్కున్న ఒకామె రొప్పుతూ నడుస్తోంది. ఊళ్ళో అందరూ పిన్ని వరసకు ఖాలా అని పిలిచే పెద్దమనిషి. షుగరు తగ్గాలంటే నడవాలని డాక్టరు చెప్తే ఆ రోజే మొదటిసారి వచ్చిందట. సగం దారిలో కూలబడి ఇంటికి పోదామని చూస్తోందట. మా ఆయన ఆమెను వదిలి రాలేకపోయాడు. గనిలో పడిపోయిన వాళ్ళను వదలరు, మందలో కుంటే గొర్రెను వదలరు. "లెవ్వమ్మా, నడువు, బండ మీద పడ్తది" అని బెదిరించి లేపి, గొర్లను తోలినట్టు "హొర్ర్, హొర్ర్" అని నోటితో చప్పుడు చేస్తూ వెనక నుంచి తోలుకొచ్చాడు.

"ఈ భయ్యా లేకపోతే నేను ఘర్ కు పోయెదాన్ని జీ" అని ఖాలా పీటీ సారుతో చెప్పింది. "గొర్రె లెక్క తోలిండు నన్ను. మగర్ గట్ల తోలినందుకే వచ్చిన."

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ 'నేనే అందరికంటే ఆఖరు' అని చిన్నబోకుండా, ఒక మనిషి కావాలని అందరి వెనక నడుస్తాడు. ఆయనకు రోడ్డు పని వాళ్ళు వేసుకునేలాంటి, చేతులు లేని పసుపు కోటు ఇస్తారు. ఎంత మెల్లగా నడిచినా సరే, ఆ కోటు నీ వెనక ఉందంటే నువ్వు ఆఖరు కాదు. ఆ పనికి ఎవరూ దొరకక సారు వారానికొకరిని బతిమాలుకుంటున్నాడట. అక్కడికక్కడే కోటు తెచ్చి మా ఆయనకు తొడిగాడు. ఆయన దాన్ని కింది నుంచి పైకి తడుముకుని, "గొర్లు పోయినంక నన్ను ఎవ్వరు ఎనక నడువుమనలే సారూ" అన్నాడు. మేం మధ్యాహ్నం ఆటోకు ఊరు పోయాం. మైసమ్మ కోడిని తీసుకుంది. దగ్గును మాత్రం తీసుకోలేదు.

తరవాతి ఏళ్ళు ఆ కోటులోనే గడిచాయి. వికారాబాద్ పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి చూసి, దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందని, అది ఇక దిగదని, పని మానమని, నడవగలిగినంత నడవమని చెప్పింది. పని మానాడు. వారమంతా మంచం మీద రోగి. ఆదివారం పొద్దున ఒక్క పూట మాత్రం మనిషి. కోటు వేసుకుంటే నడుము నిలబడేది. వెనకబడిన వాళ్ళను "హొర్ర్" అని అదిలించేవాడు, వాళ్ళు మేకల్లా అరిచి నవ్వించేవాళ్ళు. నేను ఇద్దరి కూలీ ఒక్కదాన్నే చేస్తూ కూడా ఆదివారం పని ఒప్పుకునేదాన్ని కాదు. ఆ కోటు ఊడిపోతే ఆయనలో మిగిలేది దగ్గొక్కటే అని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

రానురాను ఆయన నడక సన్నబడింది. అందరూ వచ్చి, పండ్లు తిని, ఎండెక్కేదాకా ఆయన కోసం నిలబడేవాళ్ళు. చేతికి పెద్ద గడియారం కట్టుకుని కొత్తగా చేరిన ఒక తమ్ముడు ఒక రోజు నోరు జారాడు. "ఆఖరు మనిషి అందర్ని తోలుకరావాలె గని, ఆఖరు మనిషి కోసం అందరం ఆగుడేంది?" మాట తప్పు కాదు. అప్పుడే మైదానంలోకి వచ్చిన మా ఆయన విన్నాడు. ఇంటికొచ్చి కోటు విప్పి మడతపెట్టి తలదిండు కింద పెట్టాడు. తరవాతి ఆదివారం లేవలేదు. గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. ఆ వారం ఆయన అన్నం కూడా ముట్టలేదు.

ఖాలా ఇంటికొచ్చింది. అప్పటికి ఆమె నడక ఎంత జోరైందంటే నేను కూడా అందుకోలేకపోయేదాన్ని. వస్తూనే కుంటింది.

"హాయ్ భయ్యా, నా ఘుట్నా పోయింది. ఈ ఎడమ మోకాలు. నా అంత మెల్లగ ఇంకెవ్వరు నడవరు ఇప్పుడు. నువ్వు ఎనక లేకపోతే నేను ఆఖరైత. నలుగురిల ఇజ్జత్ పోతది. నువ్వు రాకపోతే నేను గూడ రాను, నక్కో."

ఆయన దిండు కింది నుంచి కోటు తీశాడు. ఆ ఆదివారం ఖాలా ముందర కుంటుతూ, ఆయన వెనక తోలుతూ, ఇద్దరూ ఎండలో వచ్చారు. ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఆలస్యం ఖాలాది కదా. ఇంటికొచ్చాక నాతో అన్నాడు: "ఇంటికొచ్చిన నాడు ఎడమ మోకాలు అన్నది. ఇయ్యాల కుడికాలు కుంటుతున్నది. పాపం, ఆమెకు అబద్ధమాడుడు రాదు." అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూ కూడా నవ్వాడు.

చలికాలంలో వికారాబాద్ సంఘం వాళ్ళు మా వాళ్ళను పిలిచారు. రెండు ఊళ్ళ వాళ్ళు కలిసి అనంతగిరి గుట్ట దారిన ఉరకాలని. "నువ్వు రావద్దు, గుట్ట ఎక్కలేవు" అన్నాను. "వికారాబాద్ రైలు ఎక్కినప్పుడల్ల ఆసుపత్రికే పోతిని. ఒక్కసారన్న ఆసుపత్రికి కాకుండ పోయి రావాలె" అన్నాడు. ఇంకేం అడ్డం చెప్తాను? తెల్లారుజామున రైలెక్కాం. స్టేషను నుంచి ఆటోలో పోతుంటే ఆసుపత్రి వచ్చింది. ఆయన మొహం అటు తిప్పుకుని, పట్టించుకోని చుట్టం ఇంటి ముందు నుంచి పోయినట్టు, దర్జాగా దాటాడు.

గుట్ట కింద ఈల ఊదారు. అందరూ పోయారు. ఖాలా, నేను కొంచెం ముందుకు నడిచి వెనక్కి చూస్తే మా ఆయన కదల్లేదు. ఆయన పక్కన ఇంకో పసుపు కోటు నిలబడి ఉంది. వికారాబాద్ వాళ్ళ ఆఖరి మనిషి. రైలు గార్డుగా పనిచేసి దిగిన తాత.

"నడువు తమ్మీ" అన్నాడు గార్డు తాత. "నా ఎనక ఎవ్వరుండొద్దు. సర్వీసంత రైలు ఆఖరి డబ్బల కూసున్నోన్ని."

"మా తాతల సంది మంద ఎనక నడిచినోళ్ళం పెద్దయ్యా" అన్నాడు మా ఆయన. "నువ్వే ముందు నడువు. తప్పిపోకుంట నేను చూసుకుంట."

"అంటే నేను గొర్రెనా?"

"నేను డబ్బనా మరి?"

"అరె దోనో కలిసి నడవుండ్రి జీ!" అని ఖాలా అరిచింది.

"కలిసి నడిస్తే ఆఖరోడు ఎవడు?" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు, ఆమెకేమీ తెలియదన్నట్టు. చెరో బండ మీద కూర్చున్నారు. ఆయన గొర్ల సంగతులు ఈయనకు, ఈయన రైళ్ళ సంగతులు ఆయనకు చెప్పుకుంటున్నారు గాని ఒక్క అడుగు ముందుకు వేసేవాడు లేడు. పైన గుట్ట మీద ఉప్మా చల్లారిపోతోంది. ఖాలాకు కోపం నెత్తికెక్కి ఇద్దరి ముందర గిరగిరా తిరిగి తిట్టింది. "ఖాలా, మోకాలు?" అన్నాడు మా ఆయన మెల్లగా. ఆమె ఠక్కున కూర్చుని, కాసేపు ఆలోచించి, రెండు మోకాళ్ళూ పట్టుకుంది.

నవ్వాం. ఆయనా నవ్వాడు. దగ్గు తెర వచ్చింది. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటికి తీసి, లోపలివైపు కనబడకుండా మడిచి, జేబులో పెట్టుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను. అది నాకు అలవాటే. గార్డు తాత మాత్రం చూశాడు. లేచి నిలబడి, తన పసుపు కోటు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"ఆఖరి డబ్బకు ఒక గుర్తుంటది తమ్మీ. ఆ గుర్తు కనబడితేనే బండి మొత్తం వచ్చిందని స్టేషనోళ్ళు నమ్ముతరు. ఇయ్యాల ఆ గుర్తు నీది."

అని ముందు నడిచాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, జెండా చూపినట్టు చెయ్యి పైకెత్తేవాడు. మా ఆయన అక్కడి దాకా వచ్చి, ఊపిరి తీసుకుని, చెయ్యి ఎత్తి జవాబిచ్చేవాడు. అప్పుడు గాని గార్డు తాత కదిలేవాడు కాదు. అట్లా చేతులెత్తుకుంటూ, ఎండ నడినెత్తికి వచ్చేవేళకు పైకి చేరారు. ఒక్కరు కూడా ఇంటికి పోలేదు. గడియారం తమ్ముడు తన గడియారం విప్పి జేబులో వేసుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. "బండి మొత్తం వచ్చింది" అన్నాడు గార్డు తాత. మా ఆయనకు మాట్లాడేంత దమ్ము మిగల్లేదు. కోటు మీది దుమ్ము మాత్రం దులుపుకున్నాడు.

మళ్ళీ వానాకాలం చూడలేదు ఆయన. గడపలో ఆ బూటు తాడు ముడి నేనే వేశాను. వేసే పంపించాను.

కోటు తిరిగి ఇద్దామని ఒక ఆదివారం మైదానానికి పోయాను. పీటీ సారు తీసుకోలేదు. "నువ్వే తొడుక్కో అక్కా" అన్నాడు. తొడుక్కున్నాను. నాకు మోకాళ్ళ దాకా వచ్చింది, దాంట్లో ఇంకా ఆయన వాసన ఉంది. అందరూ నిలబడ్డారు. అందరి వెనక నేను. సారు ఈల ఊదాడు.

ఇన్నేళ్ళయినా ఈ కాళ్ళకు బుద్ధి రాలేదు. ఈల వినబడగానే ఉరికాయి. నేను చూసుకునేసరికి బస్టాండు దగ్గర, అందరికంటే ముందు, నేనూ నా పసుపు కోటూ.

"అగె ఓ! ఆఖరిదానివి నువ్వు!" అని వెనక నుంచి ఖాలా కేకలు. "ముందు ఉరుకుతవేంది జీ?"

ఆగాను. ఒక్కొక్కరే నవ్వుతూ నన్ను దాటి పోయారు. ఖాలా కూడా పోయింది, కుంటకుండా. రోడ్డు ఖాళీ అయ్యాక అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అప్పుడు నడవడం మొదలుపెట్టాను.

ఈ మధ్య మైదానం దగ్గర నిలబడినప్పుడల్లా, కోడిని చంకలో పెట్టుకుని ఏడుస్తూ ఉరికిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. కనబడితే కొంగు పట్టుకుని ఆపేదాన్ని. పేలేది ఏమీ లేదే పిచ్చిదానా, మెల్లగా నడువు, ఆయన వస్తున్నాడు అని చెప్పేదాన్ని.

రాసినవా బిడ్డా? మొత్తం రాసినవా? అయితే మొదటి సంది చదువు, వింట. ఆయన మాట వచ్చిన కాడ గడగడ చదవకు. నడుమ నడుమ ఊపిరి తీస్కుంట మాట్లాడెటోడు ఆయన. ఏడ ఆగాల్నో నేను చెప్త.